రెండు సెకన్ల లెక్క: కడప కొండల్లో పిస్తోలు ఎంతవరకు పనికొస్తుంది?

సినిమాల్లో పులివెందుల అంటే తెల్ల సుమోలు, నాటు బాంబులు, నడుముకు రివాల్వర్లు. నిజం పులివెందులలో, లింగాల, వేముల వైపు శెనక్కాయ చేలల్లో రాత్రి కాపలా పడుకునే రైతు దగ్గర ఏముంటాయో చూస్తే ఆ బొమ్మ చెరిగిపోతుంది. చేను చుట్టూ గుంజలకు కట్టిన పాత చీరలు, మంచె మీద దుప్పటి, ఒక చార్జింగ్ టార్చి, చేతికందేలా ఒక కర్ర, మోగించడానికి ఒక రేకు డబ్బా. కాస్త కలిగిన రైతయితే, రికార్డు చేసిన కుక్కల అరుపులను రాత్రంతా వినిపించే చిన్న మైకు పెట్టుకుంటాడు. అడవి పంది వస్తే వీటితోనే తోలాలి. అంతకంటే పెద్దదేదైనా వచ్చినా వీటితోనే నెట్టుకురావాలి.

తుపాకీ ఉంటే బాగుండునన్న మాట మాత్రం ఈ ప్రాంతంలో తరచూ వినపడుతుంది. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న గండికోటలో, పెన్న కోసుకుపోయిన లోయ అంచున గుడారాలు వేసుకుని రాత్రి గడిపే కుర్రకారు కూడా ఇదే మాట అంటారు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ ముందు పన్నెండు బోరు తుపాకీ పట్టుకుని కూర్చునే కాపలా మనిషిని రోజూ చూసేవాళ్ళకు, అదే ధైర్యం కొండకు వెళ్ళేటప్పుడూ నడుముకు ఉంటే తప్పేముంది అనిపించడం సహజం. ఉంటే ఏ తుపాకీ? ఎంత బోరు? ఎన్ని గుండ్లు? అమెరికాలో దీని మీద పుస్తకాలే ఉన్నాయి. కడప కొండల్లో ఈ ప్రశ్నకు జవాబు తుపాకుల అంగట్లో మొదలు కాదు, ఎలుగుబంటి ముక్కు దగ్గర మొదలవుతుంది.

ఎదురయ్యేది ఎవరు?

జిల్లాకు తూర్పున లంకమల, ఉత్తరాన నల్లమల, దక్షిణాన పాలకొండలు, శేషాచలం, పడమర ఎర్రమల రాతిగుట్టలు. కలివికోడి అనే పక్షి కోసం 1988లో ఏర్పడిన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఒక్కటే 464 చదరపు కిలోమీటర్లు. ఈ కొండల్లో మనిషి జాగ్రత్తపడవలసిన పెద్ద జంతువులు ముఖ్యంగా మూడు: ఎలుగుబంటి, చిరుత, అడవి పంది. ఈ మూడూ మనిషి మీదికి వచ్చే కారణం వేరు, తీరు వేరు.

చిరుత పొంచి ఉండి వెనక నుంచో పక్క నుంచో వస్తుంది, గొంతు పట్టుకుంటుంది. అది కనపడేలోపే దాడి అయిపోతుంది. ఒంటరిగా ఉన్న పిల్లలను, వంగి పనిచేసుకునేవాళ్ళను తన వేట జంతువుల కొలతతోనే చూస్తుంది. అడవి పంది మామూలుగా పారిపోతుంది. గాయపడినప్పుడో, కుక్కలు చుట్టుముట్టినప్పుడో, పక్కన పిల్లలున్నప్పుడో తిరగబడి, కోరలతో మోకాళ్ళ నుంచి తొడల దాకా చీలుస్తుంది.

ఎక్కువమందిని గాయపరిచేది ఎలుగు. మన కొండల్లో ఉండే ఎలుగు చీమలు, చెదలు, తేనె, పండ్లు తిని బతికే జంతువు. పై దవడలో నడిమి పళ్ళు రెండు లేవు. ఆ సందులోంచి చెదపురుగులను గొట్టంతో లాగినట్టు పీల్చుకుంటుంది. పుట్టలోని మట్టి ముక్కులోకి పోకుండా నాసికలు మూసుకోగలదు. పీల్చేటప్పుడు వచ్చే చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. చూపు మందం, వినికిడి అంతంతమాత్రం. తల పుట్టలో పెట్టి, తన చప్పుడులో తానే మునిగిపోయిన ఎలుగుకు, గాలి అటునుంచి ఇటు వీస్తుంటే, మనిషి ఐదారు మీటర్ల దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

తెలిసిన మరుక్షణం అది పారిపోదు. పెద్దపులులున్న అడవుల్లో బతికిన జాతి ఇది. పిల్లలను వీపు మీద మోసుకుని తిరిగే తల్లికి పులి నుంచి పరుగెత్తి తప్పించుకునే వీలు లేదు. అందుకే ముందు తానే విరుచుకుపడి, ఎదుటి జంతువు తేరుకునేలోపు తప్పుకోవడం దానికి వంటబట్టింది. మనిషినీ అదే లెక్కలో కడుతుంది. అవిభక్త మధ్యప్రదేశ్‌లో 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు నమోదైన దాడులను పరిశోధకులు లెక్క తీస్తే 735 తేలాయి. చనిపోయినవాళ్ళు 48 మంది. అంటే నూటికి ఏడుగురి లోపే. మిగిలినవాళ్ళు బతికారు, కానీ చాలామంది ముఖాలు మారిపోయాయి. ఎలుగు రెండు కాళ్ళ మీద లేచి తల మీద, ముఖం మీద కొడుతుంది. దాని ముందరి పంజా గోళ్ళు ఆరు నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటాయి.

ముందు కాలం, తర్వాతే బోరు

ఇప్పుడు నడుముకు రివాల్వరు ఉన్న మనిషిని ఆ ఎలుగుకు పది మీటర్ల దూరంలో నిలబెట్టి లెక్క వేయాలి. ఎలుగు గంటకు 30 కిలోమీటర్ల వేగంతోనే వస్తుందనుకున్నా, సెకనుకు ఎనిమిది మీటర్లు దాటుతుంది. పది మీటర్లకు పట్టే కాలం సెకను పైన కొంచెం.

మనిషి వైపు లెక్క కూడా కొలిచిందే. 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ ఒక పరీక్ష చేశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం, అంటే సుమారు 6.4 మీటర్లు, ఎంతసేపట్లో చేరతాడు? దాదాపు ఒకటిన్నర సెకను. బాగా తర్ఫీదున్న పోలీసు ఒరలోంచి తుపాకీ తీసి గురిపెట్టి పేల్చడానికి పట్టేదీ అంతే. ఇది ముందే సిద్ధంగా ఉన్న మనిషి మాట. పొద చాటు నుంచి నల్లటి ముద్ద దూసుకొస్తుంటే అది ఏమిటో పోల్చుకోవడానికే అర సెకను పైన పోతుంది. రెండూ కలిపితే రెండు సెకన్లు. అప్పటికి ఎలుగు మనిషి మీద ఉంటుంది.

పేలినా తగలాలి. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎదురుకాల్పుల్లో వాళ్ళ తూటాలు తగిలింది నూటికి 18. ఎదుటివాడు తిరిగి కాల్చనప్పుడు 30. ఏటా సాధన చేసే ఉద్యోగుల లెక్క ఇది. భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు వేళ్ళ సూక్ష్మమైన కదలికలే మొదట అదుపు తప్పుతాయి. పిస్తోలుకు కావలసినవి సరిగ్గా అవే. పొడుగు తుపాకీకి భుజం ఆనుగా ఉంటుంది, రెండు చేతులు దూరదూరంగా పట్టుకుంటాయి. పిస్తోలు చేతి చివర ఊగుతూ ఉంటుంది.

తూటా ఏం చేస్తుంది?

మన దేశంలో మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరికే చేతి తుపాకుల్లో ఎక్కువగా కనపడేది పాయింట్ 32 బోరు. కాన్పూరు ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే రివాల్వర్లు ఈ బోరువే. 2014లో మహిళల కోసమని ప్రచారం చేసి విడుదల చేసిన ‘నిర్భీక్’ కూడా అదే. అర కిలో బరువు, ఆరు గుండ్లు, అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైమాట. 9 ఎంఎం వంటి బోర్లు సైన్యానికీ పోలీసులకూ పరిమితం. మామూలు లైసెన్సు మీద అవి రావు.

పాయింట్ 32 రివాల్వరు తూటా బరువు ఆరు గ్రాముల చిల్లర. సెకనుకు 215 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే దాని శక్తి సుమారు 150 జౌళ్ళు. పదిహేను కిలోల బియ్యం మూటను మీటరు ఎత్తు నుంచి వదిలితే నేలకు తగిలే శక్తి అంతే. 9 ఎంఎం తూటాకు 500 జౌళ్ళ దాకా ఉంటుంది. అమెరికాలో ఎలుగుల అడవులకు తీసుకువెళ్ళే పాయింట్ 44 మాగ్నమ్‌కు 1,300 నుంచి 1,500. పన్నెండు బోరు తుపాకీలో ఒంటి గుండు వేస్తే 3,000 దాటుతుంది.

శక్తి ఎంతున్నా, తూటా తగిలిన జంతువు వెనక్కి ఎగిరిపడటం సినిమా మాయే. న్యూటన్ లెక్కలో చూడాల్సింది ద్రవ్యవేగం. పాయింట్ 32 తూటాది సెకనుకు సుమారు 1.4 కిలోగ్రాం-మీటర్లు. వంద కిలోల ఎలుగు సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో వస్తుంటే దానిది 800. పన్నెండు బోరు గుండుది కూడా సుమారు 13 మాత్రమే. ఏ చేతి తుపాకీ కూడా పరుగెత్తుకొచ్చే జంతువును నెట్టి ఆపలేదు.

తూటా ఆపేది రెండే దారుల్లో. మెదడుకో వెన్నుపాముకో తగిలితే జంతువు అక్కడికక్కడ కూలుతుంది. లేదంటే రక్తం కారి, మెదడుకు ప్రాణవాయువు అందక పడిపోవాలి. గుండెకే తూటా తగిలినా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది, పదిహేను సెకన్లు శరీరం పనిచేస్తుందని ఎఫ్‌బీఐ 1989లో తన శిక్షణ పత్రంలో రాసుకుంది. మయామీలో 1986 ఏప్రిల్ 11న జరిగిన కాల్పుల్లో, తూటా తగిలిన దుండగుడు ఆ తర్వాత కూడా కాల్పులు ఆపకుండా ఇద్దరు ఎఫ్‌బీఐ ఉద్యోగులను చంపాడు. ఆ దెబ్బతోనే ఈ పరిశోధన మొదలైంది. మెత్తని జెలటిన్ దిమ్మెలోకి తూటా కనీసం 30 సెంటీమీటర్లు దిగాలని అప్పుడు కొలత పెట్టుకున్నారు. అది మనిషి శరీరానికి పెట్టుకున్న కొలత. ఎలుగుకు జూలు దట్టం, మెడ కండ దట్టం, వాలుగా ఉండే గట్టి పుర్రె. పైగా ఆ జూలు వల్ల అసలు శరీరం ఎక్కడ మొదలవుతుందో ఎదురుగా ఉన్నవాడికి తెలియదు.

అందుకే అమెరికాలో ఎలుగులకని చేతి తుపాకీ ఎంచుకునేవాళ్ళు కొన్ని సూత్రాలు పెట్టుకున్నారు. లోపలికి పోగానే విచ్చుకునే తూటా కాకుండా, గట్టి సీసంతో పోత పోసిన బరువైన తూటా కావాలి. అది ఎముకను దాటి లోతుకు దిగుతుంది. రివాల్వరుకైతే పాయింట్ 44 మాగ్నమ్, పిస్తోలుకైతే 10 ఎంఎం. జంతువు మీద పడ్డాక గొట్టాన్ని దాని ఒంటికి ఆనించి కాల్చాల్సి వస్తే రివాల్వరు పేలుతుంది. పిస్తోలు పైభాగం కాస్త వెనక్కి జరిగినా పేలకపోవచ్చు. పిస్తోలుకు ఉన్న మేలు గుండ్లు ఎక్కువ పట్టడం. ఎంత పెద్ద బోరైతే అంతగా వెనక్కి తన్నుతుంది, రెండో గుండు అంత ఆలస్యమవుతుంది. బరువు తగ్గించుకుంటే ఆ తన్ను ఇంకా పెరుగుతుంది. కడపలో లైసెన్సున్న మనిషి చేతికి వచ్చే పాయింట్ 32 తూటాకు అంత బరువూ లేదు, అంత శక్తీ లేదు.

అడవి జంతువు కోసమే చేతి తుపాకీ తయారు చేయించుకున్న సంప్రదాయం నిజానికి మన దేశంలోనే పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో ఏనుగు అంబారీ ఎక్కి పులుల వేటకు వెళ్ళే తెల్లదొరలు, గాయపడిన పులి ఏనుగు మీదికి ఎగబాకితే కాల్చడానికి పొట్టి జంట గొట్టాల పిస్తోళ్ళు పెట్టుకునేవారు. హౌదా పిస్తోళ్ళని వాటికి పేరు. కొన్నిటి బోరు పాయింట్ 577, అంటే గొట్టం వెడల్పు 14 మిల్లీమీటర్ల పైన. అవి కూడా ఆఖరి క్షణానికే. వేట మాత్రం రైఫిల్‌తోనే. శేషాచలంలోని చామల లోయలో, మామండూరు దగ్గర నరభక్షకుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండింది పాయింట్ 405 వించెస్టర్ రైఫిల్. ఆ తూటా శక్తి 4,000 జౌళ్ళ పైమాట. అంత తుపాకీ పట్టుకుని కూడా ఆయన ఎక్కువసేపు గడిపింది చెట్టు మీద మాటేసుకునే.

అలాస్కా లెక్కలు

తుపాకీ పనికిరాదని తేల్చేయడమూ సరికాదు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితర పరిశోధకులు 1883 నుంచి 2009 వరకు అలాస్కాలో ఎలుగుల ఎదుట తుపాకీ ఉన్న 269 సంఘటనలను పోగుచేసి 2012లో ప్రచురించారు. చేతి తుపాకులు నూటికి 84 సార్లు, పొడుగు తుపాకులు 76 సార్లు ఎలుగును ఆపాయి. ఈ ముక్క వరకే చెప్పి పిస్తోలును మెచ్చుకునేవాళ్ళున్నారు. అదే పత్రంలో ఇంకో సంగతి ఉంది. తుపాకీ దగ్గరుండి కాల్చినవాళ్ళకూ, దగ్గరుండీ కాల్చనివాళ్ళకూ గాయాలు అయ్యే పాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. విఫలమైన చోట్ల పరిశోధకులకు మళ్ళీ మళ్ళీ కనపడిన కారణాలు: తీసే సమయం లేకపోవడం, గుండు ఇరుక్కుపోవడం, గురి తప్పడం, ఎలుగు మరీ దగ్గరకు వచ్చేయడం.

అదే బృందం 2008లో కారం స్ప్రే మీద చేసిన పరిశీలనలో, 83 సంఘటనల్లో గోధుమ ఎలుగుల దుందుడుకును స్ప్రే నూటికి 92 సార్లు, నల్ల ఎలుగులను 90 సార్లు ఆపింది. స్ప్రే పట్టుకున్న మనుషుల్లో నూటికి 98 మందికి దెబ్బ తగల్లేదు. అలాస్కా ఎలుగుల స్వభావం వేరు, మన ఎలుగు దూకుడు వేరు కాబట్టి ఆ శాతాలను ఇక్కడికి దిగుమతి చేసుకోలేం. కానీ స్ప్రే ఎందుకు పనిచేస్తుందన్న శాస్త్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మిరపకాయలోని క్యాప్సేసిన్, నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తెరుస్తుంది. మామూలుగా అది 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే తలుపు. కారం తగలగానే ఒళ్ళు కాలుతోందన్న కబురు మెదడుకు అందుతుంది, కాలింది మాత్రం ఏమీ ఉండదు. ఈ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కళ్ళలో, ముక్కులో, శ్వాసనాళంలో ఈ నరాలు దట్టంగా ఉంటాయి. వాసన మీదనే ఆధారపడే జంతువుకు ముక్కు మూతపడితే చుట్టూ లోకమే మాయమవుతుంది. అంతకంటే ముఖ్యం, స్ప్రేకు గురి అక్కర్లేదు. ఏడెనిమిది మీటర్ల దూరం దాకా మబ్బులా పరుచుకుంటుంది, జంతువే దానిలోకి వచ్చి పడుతుంది. పిస్తోలు అడిగే సూక్ష్మమైన గురిని ఇది అడగదు. ఎదురుగాలి వీస్తే మాత్రం కొట్టినవాడి కళ్ళే మండుతాయి.

అమెరికాలో ఉంటూ యెల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులకు వెళ్ళే తెలుగువాళ్ళకు ఈ ఎంపిక నిజంగానే ఎదురవుతుంది. అక్కడి జాతీయ పార్కుల్లోకి తుపాకీ వెంట తీసుకువెళ్ళడాన్ని 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆయా రాష్ట్ర చట్టాలకు లోబడి అనుమతించారు. అయితే ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకీ సరదాగా నడుముకు కట్టుకున్నా వీసాకే ముప్పు. ఎలుగుల స్ప్రేను విమానంలో చేతిసంచిలోనే కాదు, లగేజీలో కూడా వేయనివ్వరు. పార్కు దగ్గరే కొనుక్కోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

కడపలో తుపాకీ లైసెన్సు కావాలంటే కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ జరుగుతుంది, వైద్యుడి ధ్రువపత్రం ఇవ్వాలి, తుపాకీ భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది. ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే తుపాకీని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. జమ్మలమడుగు, పులివెందుల స్టేషన్లకు ఇది అలవాటైన పని.

1959 నాటి ఆయుధాల చట్టంలో రైతు కోసం ఒక సందు ఉంది. పదమూడో సెక్షన్లో, పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైతే మందు కూరి పేల్చే తుపాకీకీ, ఆత్మరక్షణకో క్రీడకో అయితే గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టపు తుపాకీకీ లైసెన్సు ఇవ్వాలని రాశారు. అంటే చట్టం రాసినవాళ్ళ మనసులో కూడా చేలోకి పిస్తోలు లేదు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిలోకి తీసుకువెళ్ళే వీలు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. లంకమలలో ఎర్రచందనం దొంగల కోసం గాలింపులు జరుగుతుంటాయి. అక్కడ నడుముకు తుపాకీతో దొరికిన మనిషి, అది ఎలుగు కోసమని చెబితే నమ్మేవాళ్ళు దొరకరు.

మరి నిజంగానే ప్రాణం మీదికొస్తే? 11వ సెక్షన్ రెండో భాగం స్పష్టంగా ఉంది. తననో ఇంకొకరినో కాపాడుకోవడానికి సద్భావంతో జంతువును చంపినా, గాయపరిచినా నేరం కాదు. కానీ ఆ క్షణంలో ఆ మనిషి ఇదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండకూడదు. అనుమతి లేని ఆయుధంతో అభయారణ్యంలో దూరినవాడికి ఈ రక్షణ వర్తించదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. చిరుత, ఎలుగు రెండూ మొదటి షెడ్యూల్లో ఉన్నవి. అడవి పంది 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో ఉంది.

లైసెన్సు దొరకని చోట పుట్టుకొచ్చే దొంగదారులే అసలు ప్రమాదం. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగితే, రాత్రి మోటారు వేయడానికి వెళ్ళిన పక్క పొలం రైతు దాని మీద కాలు వేస్తాడు. పిండిలో మందు చుట్టి పెట్టే పంది బాంబును ఆవు కొరికితే దవడ లేచిపోతుంది. 2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో పేలిందీ ఇలా పందుల కోసం పెట్టిందేనని విచారణలో తేలింది.

చప్పుడు, వెలుతురు, కర్ర

2023 జూన్‌లో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసివాణ్ణి నోట కరుచుకుపోయింది. జనం, కాపలావాళ్ళు కేకలు వేస్తూ వెంటపడటంతో వదిలేసి పోయింది. పిల్లవాడు బతికాడు. ఆగస్టు 11న అదే దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత దేవస్థానం పదిహేనేళ్ళ లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి రానివ్వలేదు, భక్తులను గుంపులుగా పంపింది, చేతికి కర్రలు ఇచ్చింది. కర్రలు ఇవ్వడం మీద అప్పట్లో చాలామంది నవ్వారు. చిరుతను కర్రతో కొట్టి గెలవడం దాని ఉద్దేశం కాదు. గుంపుగా, నిటారుగా, చేతిలో పొడుగాటి వస్తువుతో నడిచే మనిషి చిరుతకు వేటలా కనపడడు. చిరుత ఎదురుపడితే వంగకూడదు, పరుగెత్తకూడదు. పిల్లలను ఎత్తుకుని, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ వెనక్కి అడుగులు వేయాలి.

ఎలుగు సంగతిలో చప్పుడుకు ఇంకా ఎక్కువ విలువ. దాని దాడికి మూలం ఉలికిపాటు కాబట్టి, ఉలిక్కిపడనివ్వకపోతే సగం పని అయినట్టే. గుజరాత్‌లో పరిశోధకులు అడవికి వెళ్ళేవాళ్ళకు గంటలు కట్టిన కర్రను ఇచ్చి చూశారు. దాని పేరు ఘంటి కాఠీ. నడుస్తుంటే గంట మోగుతుంది, ఎలుగు ముందే పక్కకు తప్పుకుంటుంది, తప్పనిసరైతే కర్ర అడ్డం పెట్టుకోవచ్చు. పాలకొండల్లో మేకలు మేపే కాపరి దారి పొడుగునా ఈల వేస్తూ, మందను అదిలిస్తూ, ముందు కుక్కను వదిలి నడవడంలో ఉన్నదీ అదే జాగ్రత్త. ఒక్క మెలకువ మాత్రం అవసరం: ఎలుగు కనపడ్డాక కుక్కను దాని మీదికి ఉసిగొల్పితే, తరిమిన ఎలుగును వెంటబెట్టుకుని కుక్క యజమాని కాళ్ళ దగ్గరికే తిరిగొస్తుంది.

గుంపు ఉన్నంత మాత్రాన సరిపోదని 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి చూపించింది. జీడితోటల్లో ఎలుగు దాడికి ఒక రైతు చనిపోయాడు. ఆ వెంటనే మరో దాడిలో పలువురు గాయపడ్డారు. అటవీశాఖ మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఎలుగు కూడా తర్వాత చనిపోయింది. తప్పించుకునే దారి మూసి చుట్టుముట్టే గుంపు, ఎలుగు లెక్కలో ఇంకో పెద్దపులి. దాని వెనక దారి ఖాళీగా వదలాలి.

గండికోటలో గుడారం వేసేవాళ్ళకు కావలసినవి ఇంకా తక్కువ. తిండి, ఎంగిలి విస్తళ్ళు గుడారంలో ఉంచకూడదు. వాటికి కుక్కలు, పందులు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. రాత్రి బయటికి వెళ్ళాలంటే టార్చి వేసుకుని, ఇద్దరుగా, మాట్లాడుకుంటూ వెళ్ళాలి. లోయ అంచుకు దూరంగా పడుకోవాలి. ఆ రాళ్ళ మీద చీకట్లో కాలు జారే ప్రమాదం చిరుత కంటే ఎక్కువ.

లెక్కలోకి రానిది

ఈ చేలల్లో, గుట్టల్లో మనుషుల ప్రాణం ఎక్కువగా తీసేది గోళ్ళున్న జంతువు కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో ఏదీ తుపాకీకి దొరికే దూరంలో, దొరికే వేళలో కనపడదు. రక్తపింజర శెనక్కాయ కట్టె కింద చుట్ట చుట్టుకుని ఉంటుంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాడి దుప్పట్లోకి వస్తుంది. వాటికి మందు మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, టార్చి, నేల మీద కాకుండా మంచం మీదో మంచె మీదో పడక.

కాటు పడితే తాడుతో బిగించి కట్టకూడదు, బ్లేడుతో కోయకూడదు. కాలు కదలకుండా ఉంచి, విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ చుట్టుపక్కల వాళ్ళకు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, లేదంటే కడప రిమ్స్. ఆ ఒక్క మందే నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది, కాబట్టి పామును చంపి వెంట తీసుకుపోనక్కర్లేదు. ఎలుగో చిరుతో గాయం చేస్తే, రక్తం ఆగేలా గుడ్డతో అదిమిపట్టి అదే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం అదుపులోకి వచ్చాక గాయాన్ని సబ్బుతో, నీటి ధార కింద పదిహేను నిమిషాలు కడగాలి. ధనుర్వాతం సూది, రేబిస్ టీకాతో పాటు గాయం లోపలికి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను కూడా అడిగి వేయించుకోవాలి. రేంజి అధికారికి ఫిర్యాదు రాసిచ్చి, ఆసుపత్రి కాగితాలు దాచుకుంటేనే అటవీశాఖ పరిహారం వస్తుంది.